నీ ధ్యాస ఎక్కడుందిరా?

"నీ ధ్యాస ఎక్కడుందిరా?" అని చిన్నతనంలో అమ్మచేతనో మేష్టారిచేతనో అనిపించుకోనివాళ్ళు మన కాలేజీలో ఎవరైనా వున్నారేమో నాకు తెలియదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసిన అక్కయ్యనీ, తాళంచెవి సైకిలుకే వదిలేసి వచ్చిన తమ్ముణ్ణీ, పిలిస్తే పలకని నాన్ననీ అడిగేది ఈ ప్రశ్నే. మన భాషలో ఈ అవస్థకి చక్కని పేరు కూడా వుంది: పరధ్యానం. మనిషి ఇక్కడ, ధ్యానం మరెక్కడో! ధ్యానమంటే కళ్ళు మూసుకుని పద్మాసనం వెయ్యడమని ఇప్పుడనుకుంటున్నాం గాని, 'పరధ్యానం' అన్న మాట పుట్టించినవారికి ఒక సంగతి తెలిసేవుండాలి. మనస్సు ఎప్పుడూ దేనిమీదో ఒకదానిమీద వుంటూనే వుంటుంది. ఎక్కడుందన్నదే తేలవలసిన విషయం.

నాకీ విషయం మీద ఆసక్తి కలిగింది ఇంటర్మీడియెట్ రోజుల్లో. నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో వున్నాయి, ఇది చదివే మిత్రుల్లో చాలామంది వాటిలోంచి వచ్చినవారే అయివుంటారు. ఉదయం అయిదింటికి గంట. అయిదున్నరకి స్టడీ అవర్. రాత్రి పదిన్నరకి ఆఖరి స్టడీ అవర్ ముగిసేది. ఆదివారం ఉదయం పరీక్ష, సాయంత్రం ఆ పరీక్షలో మార్కులు తగ్గినవాళ్ళకి ప్రత్యేక పూజ. గదికి పన్నెండు మందిమి. మా గదికి కిటికీ వుంది, లేకపోలేదు. తెరిస్తే పక్క భవనం గోడ కనబడేది, చెయ్యి చాపితే అందేటంత దగ్గరలో.

ఆ గోడ పగులులో ఒక రావిమొక్క మొలిచింది. రెండేళ్ళలో మేము దగ్గరగా చూసిన పచ్చదనం అదొక్కటే. మా గదిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రవాడొకడు వుండేవాడు. వాడు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఆ మొక్క ముందు నిలబడి, "ఒరే, తొమ్మిదో ఆకొచ్చిందిరా" అని ప్రకటించేవాడు. మొదట నవ్వాం. తర్వాత మేము కూడా లెక్క పెట్టడం మొదలుపెట్టాం. లేత ఆకు ముందు రాగి రంగులో వుండి, ఆపైన పచ్చబడుతుందని నాకు తెలిసింది బోటనీ పుస్తకంలో కాదు, ఆ కిటికీ దగ్గర. రెండో సంవత్సరం దసరా సెలవుల నుంచి తిరిగివచ్చేసరికి పక్కవాళ్ళు గోడకి సున్నం వేయించారు. మొక్క లేదు.

ఆ చలికాలంలోనే మావాడు తిండి మానేశాడు. రాత్రిళ్ళు మంచంమీద కూర్చుని వుండేవాడు. మొక్క పీకేసినందువల్ల వాడికి జబ్బు చేసిందని నేననను, అలా అంటే అది కథ అవుతుంది. వాడి విషయం మళ్ళీ చెబుతాను. అయితే పన్నెండుమంది మగపిల్లలు ఒక రావిమొక్క ఆకులు ఎందుకు లెక్కపెట్టారన్నది తర్వాత చాలాకాలం నన్ను వదలలేదు. డిగ్రీలో మనస్తత్వశాస్త్రం పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు దానికి కొంత సమాధానం దొరికింది.

ధ్యాస రెండు రకాలని అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లో వెలువడిన తన సైకాలజీ గ్రంథంలో చెప్పాడు. ఒకటి మనం పూనుకుని పెట్టేది. రెండవది తనంతట తాను పోయేది. ఆర్గానిక్ కెమిస్ట్రీ సమీకరణాలమీద పెట్టేది మొదటిది. కిటికీ మీద వాలిన ఉడతమీదికి పోయేది రెండవది. ఉడతను చూడమని ఎవరూ చెప్పనక్కరలేదు. దాదాపు వందేళ్ళ తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు ఈ ఆలోచనను పట్టుకుని 1989లో ఒక పుస్తకం రాశారు. పూనుకుని పెట్టే ధ్యాస వాడగా వాడగా అలసిపోతుందని వారి వాదన. చదివిన వాక్యమే నాలుగుసార్లు చదవడం, తేలిక లెక్కలో కూడిక తప్పడం, స్నేహితుడు పెన్ను అడిగితే విసుక్కోవడం... ఇవన్నీ ఆ అలసట గుర్తులు. (స్టడీ అవర్లలో వార్డెన్లు దీన్ని 'కేర్‌లెస్‌నెస్' అనేవారు!) దీనికి మందు ఏమిటి? నిద్ర వొకటి. రెండవది, ఆ పూనిక ధ్యాసకి సెలవిచ్చి, తనంతట పోయే ధ్యాసని కాసేపు పనిచెయ్యనివ్వడం.

అలాగైతే సినిమా చూస్తే సరిపోదా, ఫోను చూస్తే సరిపోదా అని అడగవచ్చు. కాప్లాన్ దంపతుల సమాధానం నాకు నచ్చింది. సినిమా కూడా మన ధ్యాసను లాగుతుంది గాని, మెడ పట్టుకుని లాగుతుంది. మరో ఆలోచనకి చోటివ్వదు. ఆకులు కదలడం, మబ్బులు పోవడం, కెరటాలు రావడం మెత్తగా లాగుతాయి. వాటిని చూస్తూనే మనం మరొకటి ఆలోచించుకోవచ్చు, ఆలోచించకపోనూవచ్చు. ఆ మెత్తదనంలోనే విశ్రాంతి వుందన్నారు. ఇది వేదవాక్కేమీ కాదు, దీనిమీద చేసిన ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయినా కొన్ని ప్రయోగాలు తెలుసుకోదగ్గవి.

రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రజ్ఞుడు 1984లో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972-81 సంవత్సరాల మధ్య పిత్తాశయం ఆపరేషన్ జరిగిన 46 మంది రికార్డులు తీశాడు. వయస్సు మొదలైన వాటిలో ఒకరికొకరు సరిపోయే 23 జంటలు. ప్రతి జంటలోనూ ఒకరి కిటికీ లోంచి చెట్లు కనబడతాయి, రెండోవారి కిటికీ లోంచి ఇటుకగోడ కనబడుతుంది. చెట్లవైపు వున్నవాళ్ళు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులకి, గోడవైపు వున్నవాళ్ళు 8.70 రోజులకి ఇంటికి వెళ్ళారు. చెట్లవైపువాళ్ళు తీవ్రమైన నొప్పిమందులు తక్కువ వాడారు. ముక్కాలు రోజే తేడా! అయినా కిటికీ ఖరీదేమిటో లెక్కగట్టి చూపించిన వ్యాసం అది.

మనకి ఇంకా దగ్గరిది 2016లో అమెరికాలోని ఇలినాయిస్ రాష్ట్రంలో వచ్చిన పరిశోధన. అయిదు హైస్కూళ్ళ నుంచి 94 మంది విద్యార్థుల్ని తీసుకుని మూడు రకాల గదుల్లో కూర్చోబెట్టారు. కిటికీ లేని గది, కిటికీ లోంచి భవనాలు కనబడే గది, కిటికీ లోంచి పచ్చదనం కనబడే గది. అందరికీ ఒకేరకం పనులిచ్చారు: ఉపన్యాసం ఇవ్వడం, నోటిలెక్కలు చెయ్యడం వగైరా. తర్వాత అదే గదిలో పది నిమిషాల విరామం. పని చేస్తున్నంతసేపూ మూడు గదులవాళ్ళకీ తేడా లేదు. విరామం తర్వాత మాత్రం పచ్చదనం కనబడే గదిలోవాళ్ళ ధ్యాస మెరుగుపడింది, శరీరంలో ఒత్తిడి గుర్తులు కూడా తగ్గాయి. భవనాలు కనబడే కిటికీ వున్నా, అసలు కిటికీయే లేకపోయినా ఒకటే అయింది.

ఇది చదివినప్పుడు నాకు మా గోడ కిటికీ గుర్తుకొచ్చింది. అంతకన్న ముఖ్యంగా ఆ పది నిమిషాలు గుర్తుపెట్టుకున్నాను. చెట్టు ఒక్కటే వుంటే చాలలేదు. చెట్టు వుండి, దానికేసి ఊరికే చూసే తీరిక కూడా వుండాలి. కాలేజీ ఆవరణలో వరసగా అశోకచెట్లు నాటించి, బ్రోచర్ మీద వాటి ఫోటో వేయించి, పిల్లలు వాటికింద నిలబడితే "ఏం చేస్తున్నారిక్కడ?" అని కసిరే సంస్థలు మనకి తెలియనివి కావు.

ఇక నెమరు సంగతి. ఆవు తిన్న మేతను మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నమిలినట్టు, మనం కూడా జరిగిపోయిన అవమానాన్ని, పోయిన మార్కుల్ని మళ్ళీ మళ్ళీ నమలుతాం. సైకాలజీవాళ్ళు ఇంగ్లీషులో వాడే మాట కూడా నెమరుకి సంబంధించినదే. ఆవుకి దానివల్ల మేత అరుగుతుంది, మనకి అరగదు. అంతే తేడా. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 38 మందిని రెండు జట్లుగా చేసి తొంభై నిమిషాలు నడిపించారు. ఒక జట్టు గడ్డిమైదానం, చెట్లు వున్నచోట. మరో జట్టు వాహనాల రద్దీ వున్న రోడ్డు పక్కన. చెట్లమధ్య నడిచినవాళ్ళలో ఈ నెమరు తగ్గింది. ఇలాంటి నెమరుతో సంబంధమున్న మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గినట్టు స్కానింగులో కనబడింది. 2019లో ఇంగ్లండులో దాదాపు 20,000 మందిని ప్రశ్నించి చేసిన సర్వేలో, వారానికి మొత్తం 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడం ఎక్కువగా కనబడింది. ఒకేసారి గడిపినా, విడివిడిగా గడిపినా ఒకటే. ఆరోగ్యంగా వున్నవాళ్ళే ఎక్కువగా బయటికి వెళ్ళివుండవచ్చు గదా అని మీరంటే, నిజమే, ఆ సర్వే దాన్ని తేల్చలేదు.

ఇప్పుడు ప్రపంచమంతా 'మైండ్‌ఫుల్‌నెస్' అంటున్నదానికి వద్దాం. దానికి 'ఎరుక' అనే తెలుగు మాట చక్కగా సరిపోతుంది. పాళీ భాషలో సతి, సంస్కృతంలో స్మృతి. బుద్ధుడు చెప్పిన అష్టాంగమార్గంలో సమ్యక్ స్మృతి అన్నది వొకటి. స్మృతి అంటే జ్ఞాపకమే అయినా, ఇక్కడ అర్థం జరిగిపోయినదాన్ని తలచుకోవడం కాదు, ఇప్పుడు జరుగుతున్నదాన్ని మరవకపోవడం. శ్వాస లోపలికి పోతుంటే పోతోందని తెలియడం, నడుస్తుంటే నడుస్తున్నానని తెలియడం. మనవాళ్ళు పిక్నిక్కులకి పోయే తొట్లకొండ, బావికొండల మీద సుమారు రెండువేల యేళ్ళ క్రితం బౌద్ధ భిక్షువులు నివసించారు. చుట్టూ కొండలు, ఎదురుగా సముద్రం! వాళ్ళు ఆ చోటు ఎంచుకోవడానికి వాన, వర్తకం లాంటి కారణాలు వేరే వుంటే వుండవచ్చుగాక, శ్వాసను గమనిస్తూ కూర్చోడానికి అంతకన్న మంచి చోటు నేనైతే చూడలేదు.

బర్మాలో ఈ సాధన నేర్చిన గోయెంకాగారు 1969లో మనదేశానికి వచ్చి శిబిరాలు పెట్టారు. 1976లో హైదరాబాదు దగ్గర విపశ్యన కేంద్రం వెలిసింది. 1979లో జాన్ కబట్-జిన్ అనే ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో దీన్ని మతంతో సంబంధం లేకుండా, తగ్గని నొప్పులతో బాధపడే రోగులకి నేర్పడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి ఆఫీసులకీ, సైన్యానికీ, బళ్ళకీ పాకింది.

బళ్ళలో ఏమైంది? బ్రిటన్‌లో 85 బళ్ళు, ఎనిమిది వేలకి పైగా పిల్లలతో ఒక పెద్ద పరీక్ష జరిపి 2022లో ఫలితాలు ప్రకటించారు. సగం బళ్ళలో ఉపాధ్యాయులకి తర్ఫీదు ఇచ్చి, పది పాఠాలుగా ఎరుకను బోధింపజేశారు. మిగతా బళ్ళలో మామూలుగా చెప్పేవే చెప్పారు. ఏడాది తర్వాత చూస్తే పిల్లల దిగులు విషయంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఇంటిదగ్గర సాధన చేసినవాళ్ళు చాలా తక్కువ.

ఇది విని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో ఆశ్చర్యం కనబడలేదు. ఏడు పీరియడ్లు వున్న పిల్లవాడికి ఎనిమిదో పీరియడ్‌గా ప్రశాంతతను బోధిస్తే వాడేం చేస్తాడు? హోంవర్క్ ఎగ్గొడతాడు! మన కాలేజీల్లో కొన్నిచోట్ల అయిదున్నర స్టడీ అవర్‌కి ముందు పది నిమిషాల 'మెడిటేషన్' పెట్టారు. మేమూ చేశాం. అది మాకు దొరికిన అదనపు నిద్ర. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళవాళ్ళకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్రవైద్యులు చెబుతున్నారు. ఆ వయస్సులో శరీరం గడియారం వెనక్కి జరిగి, రాత్రి ఆలస్యంగా నిద్ర పడుతుంది. నిద్ర ఆరు గంటలకి కోసి, కిటికీ మూసేసి, ఆపైన దాన్ని ఓర్చుకోడానికి ఎరుక నేర్పడం ఎద్దు మెడమీద పుండుకి పసుపు రాసి మళ్ళీ కాడి కట్టడం వంటిది.

దీనికి భిన్నంగా జరిగేచోటు మనదగ్గరే ఒకటుంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ చుట్టుపక్కలే స్థాపించిన రిషీవ్యాలీ బడిలో 'అస్తాచల్' అనే ఆచారం వుంది. సాయంత్రం పిల్లలు కొండలకి ఎదురుగా కూర్చుని సూర్యుడు దిగిపోవడాన్ని మౌనంగా చూస్తారు. మంత్రం లేదు, మార్కులు లేవు. అందరికీ అందుబాటులో వున్న బడి కాదది, ఒప్పుకుంటాను. అయితే సూర్యుడు అస్తమించడానికి ఫీజు ఎవరూ వసూలు చెయ్యరు గదా!

మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. బీచిరోడ్డు నడిచిపోయేటంత దూరం. ఎలా చూడాలి అని అడిగేవారుంటే, నేను చేసేది చెబుతాను. గట్టుమీద కూర్చుని ఒక కెరటాన్ని పుట్టినదగ్గర నుంచి ఇసుకలో ఇంకేదాకా కళ్ళతో పట్టుకోవాలి. మూడోదో నాలుగోదో వచ్చేసరికి ధ్యాస ఎటో పోతుంది: పరీక్ష ఫీజు, నిన్నటి గొడవ, ఎవరో అన్న మాట. పోయిందని తెలిసిన క్షణమే ఎరుక. తిట్టుకోకుండా మళ్ళీ ఇంకొక కెరటాన్ని అందుకోవాలి. ఇరవై నిమిషాలు చాలు. ఫోను గదిలో వదిలి వెళ్ళాలి, లేకపోతే కెరటాన్ని ఫోటో తియ్యబుద్ధవుతుంది. సముద్రమే అక్కరలేదు, హాస్టల్ వెనక వేపచెట్టుమీద కాకుల పంచాయితీ అయినా సరే.

అబ్బాయిలకి చెప్పినంత తేలికగా ఈ మాట అమ్మాయిలకి చెప్పలేను. మా క్లాసు అమ్మాయి ఒకతె ఈ వ్యాసం చిత్తుప్రతి చూసి, "మేము ఒంటరిగా గట్టుమీద ఇరవై నిమిషాలు కూర్చుంటే ఎంతమంది వచ్చి పలకరిస్తారో మీకు తెలుసా?" అని అడిగింది. సమాధానం చెప్పలేకపోయాను. కాలేజీ లోపలే, గేటు వేళలతో పేచీ లేకుండా, చెట్లకింద నాలుగు బెంచీలు వేయించడం యూనియన్ చేతిలో వున్న పని.

ఇంకొకటి. పొలంగట్టున పుట్టిపెరిగినవాళ్ళకి దిగులు వుండదా? పచ్చటి పొలాలమధ్యనే మన రైతులు ఎంతమంది పోయారు? చెట్టు అప్పు తీర్చదు, జబ్బు నయం చెయ్యదు. మనిషికి జీవితంలో వచ్చే మానసిక వ్యాధుల్లో సగం పద్నాలుగేళ్ళకే, ముప్పాతిక భాగం ఇరవైనాలుగేళ్ళకే మొదలవుతాయని 2005లో ప్రచురించిన అమెరికా పరిశోధన వొకటి చెప్పింది. అంటే మన వయస్సే. రెండు వారాలకి మించి దిగులు వదలకపోతే, నిద్ర, తిండి చెడితే, ఇష్టమైన పనిమీద కూడా మనసు పోకపోతే అది డాక్టరు చూడవలసిన విషయం. తీవ్రమైన దిగులులో వున్నవాణ్ణి కళ్ళు మూసుకుని కూర్చోమంటే, ఆ చీకట్లో వాడికి దొరికేది కొన్నిసార్లు ఆ దిగులే. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు అక్కరలేదు. మన విశాఖపట్నంలోనే హాస్టల్లో వుండి నీట్ పరీక్షకి చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న పదిహేను మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హతగల కౌన్సెలర్ వుండాలన్నది వాటిలో వొకటి. మీ తమ్ముడో చెల్లెలో చదివే కాలేజీలో వున్నారేమో అడిగి చూడండి.

మావాడి సంగతి చెబుతానన్నాను. తిండి మానేస్తే మేము "యాక్టింగురా" అన్నాం. ఇవాళ తలచుకుంటే సిగ్గేస్తుంది. వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడు. చినవాల్తేరు ఆస్పత్రిలో చూపించారు. బస్సు ఆ దారిన పోతుంటే మనం జోకులేసుకుంటామే, ఆ ఆస్పత్రే. ఎనిమిది నెలలు మందులు వాడాడు. ఒక సంవత్సరం పోయింది, చదువు పోలేదు. మొన్న సంక్రాంతి తర్వాత విశాఖ వచ్చి నాతో రెండు రోజులున్నాడు. సాయంత్రం బీచిలో మురీమిక్చర్ తింటూ కూర్చున్నాం. ఊళ్ళో రోజూ పొద్దున్నే చెరువుగట్టుమీద నడుస్తానని చెప్పాడు. నేను ఈ వ్యాసం ధ్యాసలో వుండి, "చెరువు పనిచేసిందా, మందులు పనిచేశాయా?" అని అడిగాను.

"మందులేరా ముందు. అవి వేసుకున్న రెండు నెల్లకి గాని చెరువుదాకా నడవలేకపోయాను," అన్నాడు. కాసేపాగి, "ఆ గోడమీద మొక్క గుర్తుందేటి నీకు?" అని అడిగాడు.

గుర్తుందన్నాను. ఆఖరికి పద్నాలుగు ఆకులన్నాను నేను. కాదు, పదహారు అన్నాడు వాడు.